పక్కకి తప్పుకునే మనిషి

మా బావ ఎదురుగా ఎవరొచ్చినా పక్కకి తిరుగుతాడు. మనిషైనా, మేకైనా, స్కూటరైనా ఒకటే లెక్క. వీపు గోడకి ఆనించి, కడుపు లోపలికి లాక్కుని, అరచేతులు రెండూ పైకెత్తి, తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంటాడు. పెళ్ళైన కొత్తలో మా అక్క ఇది చూసి, ఎంత మర్యాదస్తుడు దొరికాడో అని మురిసిపోయిందట. ఏడాది తిరక్కుండానే అసలు సంగతి బయటపడింది. అది మర్యాద కాదు, ఉద్యోగం.

బావ పనిచేసేది అద్దాల షాపులో. కిటికీలకీ, షోకేసులకీ, బాత్రూమ్ తలుపులకీ అద్దాలు కొయ్యడం, మొయ్యడం, బిగించడం ఆయన పని. పెద్ద అద్దాన్ని ఇద్దరు నిలువుగా పట్టుకుని మోస్తారు. ముందున్నవాడు "అద్దం! అద్దం!" అని అరుస్తూ నడుస్తాడు. అరుపు విని జనం తప్పుకుంటారని కాదు. జనం వింతగా చూస్తూ ఇంకా దగ్గరికొస్తారు. అందుకని తప్పుకోవాల్సింది మోసేవాళ్ళే. ఇన్నేళ్ళు మోసీ మోసీ, చేతిలో అద్దం ఉన్నా లేకపోయినా బావ ఒళ్ళు దానంతటదే తప్పుకుంటుంది.

ఆ పనిలో ఇంకో నియమం కూడా ఉంది. చేతిలోంచి అద్దం జారితే పట్టుకోబోకూడదు, వదిలేసి వెనక్కి గెంతాలి. ఈ పాఠం బావకి నేర్పిన పెద్దాయన ఒకసారి తనే ఆ పాఠం మర్చిపోయాడు. అప్పట్నుంచీ టీ కప్పు ఎడమ చేత్తోనే పట్టుకుంటాడు. బావ మాత్రం మర్చిపోలేదు. మా ఇంట్లో బల్లమీంచి గిన్నె జారితే అందరం ముందుకి దూకుతాం, ఆయన ఒక్కడూ వెనక్కి దూకుతాడు. కూతురు పుట్టిన కొత్తలో బిడ్డని ఆయన చేతికిచ్చి, మా అక్క తన రెండు చేతులూ కింద చాపి ఉంచేదట.

అలాంటి మనిషి కూతురు బాస్కెట్‌బాల్ ఆడతానంది.

పిల్లని ఇంట్లో పిడుగు అంటాం. ఏడో తరగతి. మనిషి చూస్తే గుప్పెడంత, నోరు చూస్తే గంపంత. కిందటేడాది స్కూల్ టీమ్ పక్క ఊరికి పోటీకి వెళ్తే, ఇది నీళ్ళ సీసాలు మొయ్యడానికి వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే ప్రకటించింది.

"వచ్చే ఏడు సీసాలు మొయ్యను. టీమ్‌లో ఉంటాను. లేకపోతే అసలు ఆ బస్సే ఎక్కను."

అన్నది చేసే రకం. ఎండాకాలం నుంచే ప్రాక్టీసు మొదలుపెట్టింది. మా బిల్డింగు వెనక మోటారు గది గోడకి ఎవరో ఎప్పుడో బిగించిన రింగు ఉంది. వల ఎప్పుడో చిరిగిపోయింది, ఇనుము మిగిలింది. రింగు ఉంది, బాల్ ఉంది, ఎదురు నిలబడే మనిషి కావాలి. అక్క ల్యాబ్‌లో జనాలకి సూదులు గుచ్చి రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది, ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. మేనమామగా నన్నడిగారు గానీ, నేను పరిగెత్తితే చూడ్డానికి బావుండదు. ఇక మిగిలింది బావ.

"ఏం చెయ్యాలే నేను?" అన్నాడు బావ మొదటిరోజు, షాపు చొక్కాతోనే వచ్చి నిలబడి.

"నేను బాల్ కొట్టుకుంటూ వస్తా. నువ్వు నన్ను ఆపాలి. అంతే."

"అంతేనా?"

"అంతే నాన్నా."

పిడుగు బాల్ నేలకి కొడుతూ దూసుకొచ్చింది. బావ పళ్ళు బిగించి, మోకాళ్ళు వంచి, యుద్ధానికి సిద్ధమైనట్టే నిలబడ్డాడు. అది రెండడుగుల దూరంలోకి వచ్చేసరికి ఒళ్ళు తన పని తను చేసుకుపోయింది. తలుపు తెరుచుకుంది. పిడుగు లోపలికి పోయి, తీరిగ్గా బాల్ రింగులో వేసుకుని వెనక్కి వచ్చింది.

"అబ్బ! ఏం స్పీడే నీది!" అన్నాడు బావ, నిజంగానే ఆశ్చర్యపోయి.

నేను నీళ్ళ ట్యాంకు గట్టుమీద కూర్చుని చూస్తున్నాను. "బావా, నువ్వు ఆపావా, టికెట్ చింపి లోపలికి పంపావా?" అన్నాను.

"నువ్వు మాట్లాడకు బామ్మర్దీ. దాన్నాపడం ఎవడి తరం?"

ఆ తర్వాత రోజూ ఇదే భాగోతం. బాల్ పిడుగు చేతిలోంచి జారి ఈయన కాళ్ళ దగ్గర పడితే, తీసుకోకుండా చేతులెత్తి వెనక్కి గెంతేవాడు. అది మళ్ళీ బాల్ తీసుకుని తండ్రి పక్కనుంచే వెళ్ళి వేసేది. అడ్డొచ్చేవాడు లేడు, లాక్కునేవాడు లేడు. బాల్ ఎంత ఎత్తున కొట్టినా, ఎటు చూస్తూ పరిగెత్తినా చెల్లిపోయింది. వేసవి అయిపోయేసరికి మా పిడుగు ప్రపంచంలో తనని ఆపే మనిషి లేడని తేల్చేసుకుంది. తండ్రి అంతకన్నా ముందే తేల్చుకున్నాడు. షాపులో అందరికీ చెప్పాడు కూడా.

స్కూల్లో సెలెక్షన్ పెట్టిన రోజు బావ సగంరోజు సెలవు పెట్టుకుని వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను, ఈలలు వెయ్యడానికి.

ఈల వేసే అవసరం రాలేదు. కోచ్ మేడమ్ పిడుగుకి ఎదురుగా దాని ఈడు పిల్లనే నిలబెట్టింది. పిడుగు దూసుకెళ్ళింది. ఆ పిల్ల పక్కకి తప్పుకోలేదు. తప్పుకోవాలన్న ఆలోచనే ఆ పిల్లకి రాలేదు. ఇద్దరూ ఢీకొని పడ్డారు. విజిల్ మోగింది. ఎదుటివాళ్ళు ముందే కాళ్ళు పాతుకుని నిలబడి ఉంటే, వెళ్ళి గుద్దినవాళ్ళదే తప్పట. పిడుగు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ గుద్దింది. మూడోసారి గుద్దకుండా జాగ్రత్తపడింది గానీ, ఛాతీ ఎత్తున ఎగురుతున్న బాల్‌ని ఆ పిల్ల చెట్టుకాయ కోసుకున్నట్టు కోసుకుపోయింది.

మేడమ్ పిడుగుని పక్కకి పిలిచింది.

"ఎవరితో ప్రాక్టీస్ చేస్తున్నావ్?"

"మా నాన్నతో మేడమ్."

"ఆయన నీకు అడ్డం నిలబడతారా, దారి చూపిస్తారా?"

పిడుగు తల తిప్పి తండ్రివైపు ఓ చూపు చూసింది. మేడమ్‌కి జాలేసిందో ఏమో, "లిస్టు వచ్చే శనివారం రాస్తాను. అప్పటిదాకా నేర్చుకుని రా, ఇంకోసారి చూస్తా. మనిషిని చూసి ఆగడం నేర్చుకో ముందు," అంది.

దారి పొడుగునా పిడుగు తండ్రికన్నా పది బారల ముందు నడిచింది. ఇంటికొచ్చాక అక్క ముందు బద్దలైంది.

"నాన్న నన్ను గెలిపిస్తున్నాడమ్మా! రోజూ! కావాలనే!"

"కావాలని కాదే," అన్నాడు బావ. "నాకే తెలీకుండా జరిగిపోతోంది."

"అయితే జరక్కు!"

జరక్కుండా ఉండటం అంత తేలికైతే ఈ కథే లేదు. మర్నాటినుంచి ఇల్లంతా కలిసి బావకి నిలబడటం నేర్పించాం. అక్క బట్టల బకెట్టు పట్టుకుని వసారాలో ఎదురెళ్ళింది, తప్పుకున్నాడు. నేను దుప్పటి కప్పుకుని గుడ్డెద్దులా మీదకి నడిచాను, తప్పుకున్నాడు. వెనక్కి పోకుండా మోటారు గది గోడకి ఆనించి నిలబెడితే, గోడవెంటే బల్లిలా పక్కకి పాకాడు.

"ఏమండీ, నేనేదైనా అడిగితే మాత్రం రాయిలా కదలరు కదా మీరు. ఆ పట్టుదల ఇక్కడ చూపించండి," అంది అక్క.

"అది వేరు, ఇది వేరు," అన్నాడు బావ.

కిటుకు కనిపెట్టింది పిడుగే. ఒక మధ్యాహ్నం తండ్రి మర్చిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి షాపుకి వెళ్ళింది. లోపల స్టాండుకి అద్దాలు ఆనించి ఉన్నాయి, వాటి ముందు బావ కొలతలు చూస్తున్నాడు. ఇంతలో ఒక కుర్రాడు తడినేలమీద కాలు జారి, చేతులు ఆడిస్తూ సరాసరి ఆయన మీదకి వచ్చిపడ్డాడు. బావ కదల్లేదు. గడ్డం ఛాతీకి ఆనించి, కాళ్ళు ఎడంగా పాతి, రెండు చేతులూ పైకెత్తి గోడలా నిలబడ్డాడు. కుర్రాడు గుద్దుకుని నేలమీద కూలబడ్డాడు. బావ వెనక్కి తిరిగి అద్దాల్ని చూసుకుని, ఆ తర్వాతే కుర్రాడికి చెయ్యందించాడు.

పిడుగు పరుగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పింది. "మావయ్యా, చేతిలో అద్దం ఉంటే జరుగుతాడు. వెనకాల అద్దం ఉంటే జరగడు!"

ఇలాంటి పనులకి నన్ను మించినవాడు మా వీధిలో లేడు. పాత సైన్‌బోర్డు నుంచి ఊడదీసిన ప్లాస్టిక్ షీటు ఒకటి నా దగ్గరుంది, దూరంనుంచి చూస్తే అచ్చం అద్దమే. షాపులో అద్దం కనబడటానికి అతికిస్తారే, అలాగే దానిమీద అడ్డంగా రెండు టేపు ముక్కలు అతికించి, రింగు కింద గోడకి ఆనించి పెట్టాం. బావ పనినుంచి వచ్చేసరికి వెలుతురు తగ్గిపోతోంది.

"ఎవర్రా ఇక్కడ అద్దం పెట్టింది?" అన్నాడు గేటు దగ్గర్నుంచే.

"పై ఇంటాయన బావా. కాస్త చూస్తుండమన్నాడు."

"పిల్లలాడే చోట పెడతారా? బుద్ధుందా? ఆగవే, తీసేస్తా..."

గబగబా అటు వెళ్ళాడు. ఆయన దానిముందుకి చేరేసరికి పిడుగు బాల్ కొట్టుకుంటూ బయల్దేరింది. బావ వెనక్కి తిరిగాడు. గడ్డం కిందకి దిగింది, కాళ్ళు ఎడమయ్యాయి. పిడుగు వెళ్ళి ఆయన పొట్టకి గుద్దుకుని, సిమెంటు నేలమీద చతికిలబడింది. మోచెయ్యి గీరుకుపోయింది. అది నవ్వుతోంది.

"ఆగావు! నాన్నా, ఆగావు నువ్వు!"

బావ షీటుని వేలితో కొట్టి చూశాడు. టప్ మని మొద్దు చప్పుడొచ్చింది. నావైపు చూశాడు. నేను అప్పటికే మెట్లెక్కేశాను. కిందనుంచి నా వంశం గురించి కొన్ని మాటలు వినిపించాయి. ఆ వంశంలోనే తనూ పిల్లని చేసుకున్నాడన్న సంగతి ఆ ఊపులో గుర్తు రాలేదనుకుంటా.

మర్నాడు షీటు అక్కడే ఉన్నా బావ మళ్ళీ తప్పుకున్నాడు. ప్లాస్టిక్ అని ఒంటికి తెలిసిపోయింది, ఇక అది వినదు. పిడుగు బాల్ విసిరికొట్టి మెట్లమీద కూర్చుంది. బావ కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, మోటారు గది గోడమీద కిటికీ అంత అద్దం గీశాడు. చుట్టూ కొలతలు వేశాడు, మధ్యలో టేపు గుర్తు పెట్టాడు. రెండడుగులు వెనక్కి వచ్చి చూసి, ఒక మూల గీత సరిచేశాడు.

"ఇది ఒకాయన కొత్తింటి కిటికీది. రేపు బిగించాలి," అన్నాడు.

"ఎవరాయన?" అన్నాను.

"ఎవరో ఒకాయన. గృహప్రవేశం దగ్గరకొచ్చింది, తొందరలో ఉన్నాడు. రావే నువ్వు."

అక్క వంటింటి కిటికీలోంచి తొంగిచూసింది. ఆరోజు ఆవిడకి సెలవు. "గోడమీద గీతకి కాపలా కాస్తున్నారా? బావుంది సంబడం!"

మొదటిసారి ఒక కాలు జరిగింది. తర్వాత భుజం జరిగింది, కాళ్ళు నిలబడ్డాయి. చీకటి పడేవేళకి ఎవరో ఒకాయన కిటికీ అద్దం మీద బావకి నిజంగానే బెంగ పట్టుకుంది. ఇక కదల్లేదు. పిడుగు వచ్చి గుద్దుకోవడం, లేవడం, మళ్ళీ రావడం. ఆగడం నేర్చుకోకపోతే దెబ్బ తనకే అని నెమ్మదిగా దానికి అర్థమైంది. మనిషి దగ్గరికి రాగానే బాల్ కిందకి దించడం మొదలుపెట్టింది, అటువైపు చేతిలోకి మార్చుకోవడం మొదలుపెట్టింది. బావకి బాల్ ఇచ్చి, నువ్వు రా నాన్నా అన్నప్పుడు మాత్రం ఆయన అద్దం దింపుతున్నంత మెల్లిగా వచ్చేవాడు. ఆ మెల్లి నడకకి విసుగొచ్చి, పిడుగు గడ్డం ఛాతీకి ఆనించి, చేతులెత్తి, తండ్రిలాగే నిలబడి వెక్కిరించేది. ఈయన వచ్చి ఆ గోడకి గుద్దుకుని నవ్వేవాడు.

అయితే ఒంటికి ఒక బుద్ధి నేర్పితే అది ఇంట్లో ఒకటీ షాపులో ఒకటీ పెట్టుకోదు కదా. గురువారంనాడు షాపు నడవాలో బావ ఒక అద్దం అంచు చూస్తున్నాడు. ఆయన జోడీ, అందరూ పొడుగాయన అంటారు, ఇంకో కుర్రాడితో కలిసి మందుల షాపు ముందుకి వేసే పెద్ద అద్దం మోసుకొస్తున్నాడు. "అద్దం! అద్దం!" అని అరిచాడు. బావ తలెత్తాడు. తప్పుకోలేదు. గడ్డం దించి నిలబడ్డాడు. పొడుగాయన టక్కున ఆగాడు, వెనకవాడు ఆగలేదు. అద్దం జారింది. నియమం ప్రకారం ముగ్గురూ వెనక్కి గెంతారు. ఎవరికీ ఏమీ కాలేదు, అద్దానికి తప్ప.

"ఏంట్రా నువ్వు, గుమ్మంలా నిలబడ్డావ్? కళ్ళు దొబ్బాయా?" అన్నాడు పొడుగాయన.

ఓనరు బయటికొచ్చి నేలమీద మెరుస్తున్న ముక్కల్నీ, బావనీ మార్చి మార్చి చూశాడు. "నీకేమైందయ్యా? ఇన్నేళ్ళలో నీవల్ల గీత పడ్డం కూడా నేనెరగను."

బావకి అబద్ధం ఆడటం రాదు. "మా అమ్మాయికి అడ్డం నిలబడుతున్నానండీ," అన్నాడు.

ఓనరు అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు ప్రయత్నించి మానేశాడు. పొడుగాయన మాత్రం తేల్చి చెప్పాడు. "ఒరేయ్, మోత నమ్మకంమీద నడుస్తుంది. ఆ ఆటన్నా మానెయ్, మొయ్యడమన్నా మానెయ్. రెండిట్లో ఒకటి చెప్పు."

"శనివారం దాకా అంచులు అరగదీస్తాన్లే," అన్నాడు బావ.

అంచులు అరగదీసే మిషను దగ్గర కూర్చోబెట్టేది కొత్తగా చేరినవాళ్ళని. నీళ్ళు చిమ్ముతుంటాయి, తెల్లటి బురద ముఖం మీదకి ఎగురుతుంది. షాపులో అందరికన్నా పాత మనిషి వెళ్ళి ఆ స్టూలుమీద కూర్చుంటే కుర్రాళ్ళు పళ్ళికిలించారు. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు కనుబొమ్మలకి తెల్లగా పిండి అంటుకుని ఉంది. సంగతి అక్కకి చెప్పాడు, పిడుగుకి చెప్పొద్దన్నాడు. సుద్దముక్కతో గోడమీద గీతలు మళ్ళీ దిద్ది, "రావే," అన్నాడు.

శనివారం మేడమ్ ఈసారి చిన్నపిల్లని పెట్టలేదు. పిల్లలు క్రేన్ అని పిలిచే పదో తరగతి అమ్మాయిని పెట్టింది. టీమ్ కెప్టెన్. మా పిడుగు తల ఆ అమ్మాయి భుజం దాకా కూడా రాదు.

పిడుగు బాల్ కిందగా కొడుతూ వెళ్ళింది. క్రేన్ ముందు ఆగింది. గుద్దలేదు. బాల్ అటువైపు చేతిలోకి మార్చి, తిరిగి, వేసింది. రింగుకి తగిలి బయట పడింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ బయటే. మూడోది రింగుకి కూడా తగల్లేదు. బావ గోడపక్కన నిలబడి తన చొక్కా గుండీ మెలిపెడుతున్నాడు. వెయ్యడం మేం ఎక్కడ నేర్పాం? వారమంతా గుద్దుకోవడంతోనే సరిపోయింది.

"ఇప్పుడు బాల్ నీది," అని మేడమ్ క్రేన్‌కి విసిరింది.

క్రేన్ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చింది. ఈ చిన్నది ఎలాగూ తప్పుకుంటుందనే వచ్చింది. పిడుగు గడ్డం ఛాతీకి ఆనించింది. కాళ్ళు ఎడంగా పాతింది. చేతులు పైకెత్తి, బాల్ కోసం చాపకుండా అలాగే ఉంచింది. ఎముకలు కొట్టుకున్న చప్పుడు మాదాకా వినబడింది. ఇద్దరూ పడ్డారు. విజిల్ మోగింది, మేడమ్ చెయ్యి క్రేన్ వైపు చూపించింది.

"ఇంకోసారి," అంది మేడమ్.

క్రేన్ ఈసారి ఎడమవైపునుంచి వచ్చింది. పిడుగు అప్పటికే అక్కడుంది. మళ్ళీ విజిల్. గట్టుమీద కూర్చున్న ఆడపిల్లలు గుసగుసలు మానేసి చూస్తున్నారు. నాలుగోసారికి క్రేన్ రెండడుగుల దూరంలోనే ఆగిపోయి, బాల్ చంకలో పెట్టుకుని, "ఇదేంటి మేడమ్, ఇది జరగదేంటి?" అంది.

మేడమ్ బావవైపు వచ్చింది. బావ మళ్ళీ పాత అలవాటుగా పక్కకి తిరిగి దారిచ్చాడు. వస్తున్నది తన దగ్గరికేనని తర్వాత తెలిసింది.

"మీరు ఏ టీమ్‌కి ఆడేవారండీ?"

"అద్దాల షాపండీ," అన్నాడు బావ.

మేడమ్‌కి నవ్వాలో వద్దో తెలీలేదు. "రింగులో ఒక్కటీ పడలేదు. అది నేర్పుకుంటాం లెండి," అని పిడుగు వైపు తిరిగి, "జెర్సీ సైజెంత?" అంది.

పిడుగు తండ్రి ముఖం చూసింది. తండ్రి నా ముఖం చూశాడు. మా ఇంట్లో ఆ సంగతి తెలిసింది అక్కకే, అక్క ఎవరికో సూది గుచ్చుతూ ఉంటుంది ఆ వేళకి. బావ ఒక్క క్షణం ఆలోచించి, ప్యాంటు జేబులోంచి టేపు తీశాడు, ఇనుప టేపు, అద్దాలు కొలిచేది. కూతురి వెనక్కి వెళ్ళి ఈ భుజంనుంచి ఆ భుజానికి పట్టాడు. తర్వాత మెడ దగ్గర్నుంచి నడుం దాకా. ఆడపిల్లలు కిసుక్కుమన్నారు.

"నాన్నా! పరువు తీస్తున్నావ్. అందరూ చూస్తున్నారు."

"కదలకు, తప్పొస్తుంది," అన్నాడు బావ. మేడమ్‌కి అంకెలు చెప్పి, మళ్ళీ ఒకసారి టేపు చూసుకున్నాడు. "అద్దమైతే ఫ్రేములో పట్టడానికి ఓ నూలు కొలత తగ్గించి కోస్తామండీ. ఇది పిల్ల కదా, కాస్త ఎక్కువే పెట్టండి."

పిడుగు సిగ్గుతో ఎర్రగా అయిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, టేపు మళ్ళీ డబ్బీలోకి చుట్టుకునేదాకా అలాగే నిలబడింది.